తిత్లీ నాటి రంపం మళ్ళీ పలకాలంటే

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర ఊరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా జీడి తోట, కొబ్బరి చెట్లు చాలా వరకు నేలకొరిగాయి. వాటిని తొలగించడానికి అప్పుడు మా ఆయన పెట్రోలు రంపం కొన్నారు. ఇప్పుడు ఆయన పని మీద చెన్నైలో ఉంటున్నారు. తోట నేనూ, డిగ్రీ చదివే మా అబ్బాయీ చూసుకుంటున్నాం. వానలకు ముందు పక్కన పెట్టిన రంపాన్ని మొన్న తీస్తే, చోక్ వేసినంతసేపే నడుస్తోంది. చోక్ తీసి ఎక్సలేటర్ నొక్కగానే గొణిగి ఆగిపోతోంది. టౌనులో మెకానిక్ ఒక స్క్రూ తిప్పి ఇచ్చాడు. ఆగిపోవడం తగ్గింది గానీ, ఎక్సలేటర్ వదిలేసినా చైను తిరుగుతూనే ఉంది, మిషను బాగా వేడెక్కుతోంది. మళ్ళీ తీసుకెళ్తే ఇంజను పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కార్బొరేటర్ ఇంట్లోనే విప్పి బాగు చేసుకోవచ్చా? మా అబ్బాయికి మోటారు సైకిల్ కార్బొరేటర్ విప్పి శుభ్రం చేసిన అనుభవం ఉంది.

సమాధానం:

అమ్మా, నమస్కారం. మీరు అడిగినదానికి జవాబు చెప్పేముందు ఒక మాట. ఈ రంపంతో ఇవాళ్టి నుంచి ఒక్క కొమ్మ కూడా కోయకండి. ఎక్సలేటర్ వదిలాక చైను తిరగకూడదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లోపలి క్లచ్ విడిపోయి, చైను కదలకుండా ఉండాలి. మీ మెకానిక్ తిప్పింది ఐడిల్ స్క్రూ, అంటే ఎక్సలేటర్ వదిలినప్పుడు ఇంజను ఎంత వేగంతో తిరగాలో సరిచేసే స్క్రూ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఇంజను ఆగిపోకుండా వేగం పెంచాడు, ఆ వేగానికి క్లచ్ పట్టుకుంటోంది. జబ్బు అలాగే ఉంది, పైగా చేతిలో ఆగని చైను ఒకటి తయారైంది. కోత అయ్యాక రంపం కిందికి దించుతాం కదా, తొడకు దెబ్బ తగిలేది సరిగ్గా అప్పుడే.

వేడెక్కడం గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. ఇది టూ స్ట్రోక్ ఇంజను. పిస్టనుకు కావలసిన ఆయిల్ పెట్రోలులో కలిసే లోపలికి వెళ్తుంది. పెట్రోలు తక్కువగా అందిందంటే ఆయిల్ కూడా తక్కువగా అందినట్టే. అర్ధాకలితో పరిగెత్తే ఇంజను గొంతు పెంచి బాగా నడుస్తున్నట్టే వినిపిస్తుంది, లోపల మాత్రం పిస్టన్ గీసుకుపోతుంది. మీ రంపం ఇప్పుడు ఆ ఆకలితోనే ఉంది. చోక్ చేసే పని గాలిని మూసి పెట్రోలును ఎక్కువగా లాగించడం. చోక్ ఉంటేనే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదనో, ఎక్కడి నుంచో దొంగ గాలి చొరబడుతోందనో అర్థం.

ఇంజను పోయిందా లేదా అన్నది అనుమానంతో తేల్చేది కాదు, కళ్ళతో చూసి తేల్చుకోవచ్చు. మిషను పూర్తిగా చల్లారాక స్పార్కు ప్లగ్గు మీది క్యాప్ ఊడదీసి, సైలెన్సర్ నట్లు విప్పండి. సైలెన్సర్ వచ్చేశాక ఎదురుగా కిటికీలాంటి రంధ్రం కనబడుతుంది. తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ ఆ రంధ్రం ముందుకు వచ్చినప్పుడు టార్చి వేసి చూడండి. పిస్టన్ పక్క భాగం నున్నగా, కొద్దిపాటి మరకలతో ఉంటే ఇంజను బతికే ఉంది. పై నుంచి కిందికి గోటికి తగిలేటంత గీతలు పడి ఉంటే మెకానిక్ చెప్పింది నిజమే, ఇక కార్బొరేటర్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. రెండో పరీక్ష ఇంకా సులువు. సైలెన్సర్ మళ్ళీ బిగించి, ప్లగ్గు చోటులో ఉంచి, రంపాన్ని తాడు పిడి పట్టుకుని నేల నుంచి జానెడు పైకి ఎత్తండి. కంప్రెషన్ ఉంటే రంపం ఆగి ఆగి దిగుతుంది. బావిలో చేద జారినట్టు సర్రున దిగిపోతే లోపల బిగువు లేదు. కంప్రెషన్ తగ్గించే బొత్తాం ఉన్న మోడలైతే దాన్ని నొక్కకుండా చూడాలి.

ఇంజను బాగుందనే అనుకుని ముందుకు వెళ్దాం. చోక్‌తో అంత సులువుగా అంటుకుంటోందంటే నా నమ్మకం కూడా అటే.

ఇప్పుడు కూడా కార్బొరేటర్ జోలికి వెళ్ళకండి. ముందు ట్యాంకులో ఉన్నదాన్ని ఒక గాజు సీసాలోకి వంపి, అరగంట కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనబడితే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. 2023 ఫిబ్రవరిలో మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. మీరు రంపం కొన్న రోజుల్లో వచ్చిన చాలా రంపాల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతానికి మించకూడదని రాసి ఉంటుంది. ఇథనాల్ గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. ఉద్దానం లాంటి సముద్రపు గాలి తగిలే చోట, వానాకాలమంతా సగం ఖాళీ ట్యాంకులో నిలవ ఉంటే ఆ చెమ్మ ఎక్కువై, నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకులో ఫిల్టర్ పడి ఉండేది కూడా అడుగునే. అంటే మొదట లోపలికి వెళ్ళేది ఆ నీళ్ళ పొరే, అందులో ఆయిల్ దాదాపు ఉండదు. అది ఇంజనుకు ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. ఆ పాత పెట్రోలును బావి గట్టునో చెట్టు మొదట్లోనో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇవ్వండి.

తరువాత వరసగా చూడవలసినవి నాలుగు ఉన్నాయి. గాలి ఫిల్టర్ సంగతి మీకు తెలిసిందే, కొబ్బరి మొద్దు కోసిన రోజున ఆ పీచు పొడి ఫిల్టర్‌ను పూర్తిగా మూసేస్తుంది, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ట్యాంకు మూతలోంచి వంచిన కమ్మీతో పెట్రోలు పైపును బయటికి లాగి, చివర ఉన్న ఫిల్టర్ మార్చండి, అది చాలా చవక. ఆ పైపును వేళ్ళతో వంచి చూడండి. మెత్తగా వంగాలి. వంచిన చోట చిన్న పగుళ్ళు కనబడితే అది పెట్రోలుతో పాటు గాలినీ పీలుస్తోంది, మార్చాల్సిందే. నాలుగోది ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి. పది నిమిషాలు నడిచాక ఆగి, మూత కొద్దిగా వదులు చేయగానే 'ఉస్' మని గాలి లోపలికి వెళ్ళి మళ్ళీ నడిస్తే ఆ దారి మూసుకుపోయినట్టు. మీ రంపం మొదటి క్షణం నుంచే ఆగుతోంది కాబట్టి ఇది కాకపోవచ్చు. చూడటానికి ఖర్చేమీ లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, కొత్త పెట్రోలు పోసినా అలాగే ఉంటే, అప్పుడు కార్బొరేటర్.

మీ అబ్బాయికి ఉన్న అనుభవం పనికొస్తుంది, కానీ ఒక చోట పొరబడే ప్రమాదం ఉంది. మోటారు సైకిల్ కార్బొరేటర్‌లో చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోట్ ఉంటాయి. రంపాన్ని పక్కకు వంచుతాం, తలకిందులు చేస్తాం, ఫ్లోట్ ఉంటే పెట్రోలు ఒలికిపోతుంది. అందుకే ఇందులో గిన్నె లేదు, ఫ్లోట్ లేదు, రెండు పల్చటి పొరలు ఉంటాయి. వాటిని డయాఫ్రమ్‌లంటారు. ఒకటి పంపు పొర. పిస్టన్ పైకీ కిందికీ వెళ్తున్నప్పుడు కింది గదిలో గాలి ఒకసారి లాగుతుంది, ఒకసారి తోస్తుంది. ఐడిల్‌లోనే నిమిషానికి రెండు వేల ఐదు వందల సార్లకు పైగా. ఆ ఊపుకు పంపు పొర కొట్టుకుంటూ ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. రెండోది కొలత పొర. దీనికి ఒక పక్క బయటి గాలి, రెండో పక్క పెట్రోలు. ఇంజను పెట్రోలు పీల్చుకోగానే ఈ పొర లోపలికి వంగి ఒక చిన్న మీటను నొక్కుతుంది, మీట సూదిని ఎత్తుతుంది, కావలసినంత పెట్రోలు వస్తుంది. పొర వంగనంటే సూది లేవదు, ఇంజనుకు ఆకలి తీరదు. ఏడెనిమిదేళ్ళు ఇథనాల్‌లో నానుతూ, ఎండుతూ ఉన్న పొర గట్టిపడిపోతుంది. నా అంచనా ప్రకారం మీ రంపం జబ్బు ఇదే.

పని మొదలుపెట్టేముందు కార్బొరేటర్ ఒంటి మీద చెక్కిన అక్షరాలూ అంకెలూ రాసుకోండి. రంపం పేరు చెప్పి కొనడం కన్నా ఆ నంబరు చెప్పి కొనడం మంచిది. ఒకే రంపానికి వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు కార్బొరేటర్లు బిగిస్తారు. ఆ నంబరుకు సరిపడే రిపేర్ కిట్ అడగండి. అందులో రెండు పొరలు, గాస్కెట్లు (అతుకుల్లోంచి కారకుండా మధ్యలో పెట్టే పల్చటి అట్టలు), సూది, మీట, స్ప్రింగు, చిన్న జల్లెడ వస్తాయి. కొత్త కార్బొరేటర్ ధరలో అది చిన్న భాగం. పేరు లేని చవక కార్బొరేటర్ మొత్తంగా కొని బిగించమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. అసలు కార్బొరేటర్ లోహం బాగున్నంతకాలం దానికి కొత్త పొరలు వేయడమే నయం.

ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా కూర్చోండి. ప్లగ్గు క్యాప్ ఊడదీసి పెట్టండి. అంచు ఉన్న స్టీలు పళ్ళెంలో పాత తెల్ల గుడ్డ పరిచి దాని మీదే విప్పండి. ప్రతి మెట్టుకూ ఫోనులో ఒక ఫోటో తీయమని మీ అబ్బాయికి చెప్పండి. గాలి ఫిల్టర్ తీశాక ఎదురుగా కార్బొరేటర్ కనబడుతుంది. సాధారణంగా రెండు నట్లు, ఒక పెట్రోలు పైపు, ఎక్సలేటర్ కమ్మీ, చోక్ కమ్మీ ఉంటాయి. కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న రబ్బరు మెడను ఇప్పుడే చూడండి. వేలితో కొద్దిగా సాగదీస్తే పగులు నోరు తెరుస్తుంది. పగులు ఉంటే దొంగ గాలి దారి అదే, ఎన్ని కిట్లు వేసినా ఫలితం ఉండదు.

కార్బొరేటర్ ఒంటికి ఒక పక్క ఎల్, హెచ్ అనే రెండు సన్నటి స్క్రూలు ఉంటాయి. ఎల్ తక్కువ వేగానికి, హెచ్ పూర్తి వేగానికి. వాటిని తీసేముందు ఒక్కొక్కదాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా లోపలికి తిప్పుతూ, మెత్తగా ఆగేదాకా ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి. బిగించకండి, వాటి మొన కోసుగా ఉంటుంది, గట్టిగా నొక్కితే పాడవుతుంది. ఆ తరువాతే పూర్తిగా బయటికి తీయాలి.

ఇప్పుడు పంపు వైపు మూత. ఒక్క స్క్రూతో వచ్చేస్తుంది. లోపల పల్చటి పొర, దానికి చిన్న రెక్కలు కనబడతాయి. ఆ రెక్కలు వంకర తిరిగి ఉంటే పంపు పనిచేయదు. పొర కింద ఒక గుంటలో మినపగింజ కన్నా కొద్దిగా పెద్ద జల్లెడ ఉంటుంది. చాలాసార్లు దోషి అదే. బంకలాంటి గోధుమరంగు మడ్డి దాన్ని మూసేసి ఉంటుంది. గుండుసూదితో అంచు నుంచి ఎత్తి తీయండి.

రెండో వైపు నాలుగు స్క్రూల మూత. ఈ మూత మధ్యలో గాలికి చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లో మట్టి గూడో పురుగో ఉందేమో చూడండి. కొలత పొరను ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో కదిపి చూడండి. మంచి పొర చప్పుడు చేయదు, తడిపిన తమలపాకులా వంగుతుంది. పాడైన పొర ఎండుటాకులా గరగరమంటుంది. ఆ చప్పుడు విన్నాక ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. దాని కింద ఉన్న మీటను తీసేముందు అది ఎంత ఎత్తులో ఉందో పక్క నుంచి ఫోటో తీయండి. మీట ఎక్కువ ఎత్తున ఉంటే పెట్రోలు పొంగుతుంది, తక్కువ ఎత్తున ఉంటే మళ్ళీ ఆకలే. మీట స్క్రూ విప్పేటప్పుడు బొటనవేలు దాని మీద అదిమి ఉంచండి. కింద ఉన్న స్ప్రింగు బియ్యపుగింజంత. ఎగిరితే దొరకదు, దాన్ని సాగదీసినా పనికిరాదు.

రబ్బరు, పొరలు, గాస్కెట్లు అన్నీ తీశాకే కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొడితే అది మరో రంధ్రంలోంచి సూటిగా కళ్ళలోకి వస్తుంది. రంధ్రాల్లో తీగ మాత్రం దూర్చకండి. ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను పొరుగు రైతు రంపానికి సన్నటి రాగి తీగ దూర్చాను. మడ్డి వచ్చింది, దాంతోపాటు రంధ్రం కూడా వెడల్పయింది. ఆ కార్బొరేటర్ మళ్ళీ ఎప్పుడూ కుదురుగా నడవలేదు, కొత్తదానికి డబ్బు నేనే కట్టాను. టైర్ల దుకాణంలోని కంప్రెసర్ గాలి కూడా వద్దు, లోపల గాలిని ఒకవైపే వదిలే చిన్న వాల్వు ఉంటుంది, ఆ ఒత్తిడికి అది దెబ్బతింటుంది. స్ప్రే కొట్టి, పది నిమిషాలు నానబెట్టి, మళ్ళీ కొట్టడమే.

బిగించేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది పొర, గాస్కెట్ వరసలో. ఎక్కువ రంపాల్లో పంపు వైపు ముందు పొర, దాని మీద గాస్కెట్, మూత. కొలత వైపు దీనికి తిరగేసి ముందు గాస్కెట్, దాని మీద పొర, మూత. మీ ఫోటోలో వేరే వరస కనబడితే ఫోటోనే నమ్మండి. కొలత పొర మధ్యలోని బొడిపె కొన్నిటిలో మీట చివరి చీలికలో చిక్కుకోవాలి, అది మరవకండి. ఎల్, హెచ్ స్క్రూలను రాసుకున్న చుట్లకే తిప్పండి. మెకానిక్ వాటిని కూడా కదిపాడని అనుమానమైతే, మీ మోడల్ పుస్తకంలో ఉన్న మొదటి కొలత పెట్టండి. చాలా రంపాలకు అది మెత్తగా ఆగిన చోటి నుంచి బయటికి సుమారు ఒక చుట్టు.

పెట్రోలు కొత్తది, నెల రోజుల్లో అయిపోయేంత మాత్రమే కలపండి. మీ రంపానికి 50 పాళ్ళకు ఒక పాలు అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, 25కు ఒకటి అని ఉంటే 40 మిల్లీలీటర్లు. మోటారు సైకిల్ ఇంజను ఆయిల్ కాదు, చైనుకు పోసే ఆయిల్ అసలే కాదు.

ఇప్పుడు స్క్రూల వంతు. మెకానిక్ మొదట చేసిన పనిని మనం ఆఖరున చేస్తున్నాం. పట్టీ (చైను చుట్టూ తిరిగే పొడవాటి రేకు), చైను, క్లచ్ మూత అన్నీ బిగించి, చైను పదునుగా ఉంచి, రంపాన్ని నేల మీద పెట్టి, పట్టీ మనుషుల వైపు కాకుండా తిప్పి స్టార్ట్ చేయండి. చేత్తో వేలాడదీసి తాడు లాగొద్దు. మూడు నాలుగు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఎల్ స్క్రూను అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ ఇంజను అన్నిటికన్నా వేగంగా తిరిగే చోటు పట్టుకుని, అక్కడి నుంచి బయటికి ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి. ఎక్సలేటర్ ఒక్కసారిగా నొక్కితే తడబడకుండా అందుకోవాలి, తడబడితే ఇంకొంచెం బయటికి. ఆ తరువాత ఐడిల్ స్క్రూను చైను పూర్తిగా ఆగేదాకా తగ్గించండి. చైను ఆగేలోపే ఇంజను ఆగిపోతుంటే, లేదా రంపాన్ని పక్కకు వంచినప్పుడల్లా ఐడిల్ వేగం పెరుగుతుంటే గాలి ఎక్కడో చొరబడుతోంది, లేదా క్లచ్ స్ప్రింగు సాగిపోయింది. అక్కడ ఆగి, గాలి పరీక్ష చేసే పరికరం ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. స్క్రూలతో దాన్ని కప్పిపుచ్చకండి.

హెచ్ స్క్రూ దగ్గర ఆశపడొద్దని మీ అబ్బాయికి మరీ మరీ చెప్పండి. లోపలికి తిప్పే కొద్దీ వేగం పెరుగుతుంది, ఆ హోరు వినడానికి ముచ్చటగా ఉంటుంది, పిస్టన్ గీసుకుపోయేది అక్కడే. ఖాళీగా పూర్తి ఎక్సలేటర్ మూడు నాలుగు సెకన్లకు మించి ఇవ్వకూడదు. అప్పుడు చప్పుడు కొద్దిగా బొంగురుగా, తడి తడిగా ఉండాలి. మొద్దులో దించగానే ఆ బొంగురు పోయి గొంతు శుభ్రం కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే కీచుమని అరుస్తుంటే పెట్రోలు చాలడం లేదు, హెచ్ కొద్దిగా బయటికి తిప్పండి. స్క్రూల మీద ప్లాస్టిక్ టోపీలు ఉండి కొంత మేరకే తిరిగితే ఆ హద్దు దాటించవద్దు.

అంతా కుదిరాక ఒక పాత సరుగుడు మొద్దును ఏడెనిమిది ముక్కలు కోయండి. పేళ్ళు పేళ్ళుగా రాకుండా పిండిలా పొడి రాలుతుంటే తప్పు కార్బొరేటర్‌ది కాదు, చైను మొద్దుబారింది. కోత పూర్తయ్యాక ఎక్సలేటర్ వదిలి, ఇంజను నడుస్తుండగానే చైను నిలబడిందో లేదో మరోసారి చూడండి. తరువాత ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు విప్పండి. మొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే తోటలోకి తీసుకెళ్ళవచ్చు. తెల్లగా సున్నంలా ఉంటే ఇంకా ఆకలితోనే ఉంది, ఆ రోజుకు పని ఆపేసి ప్లగ్గు, రబ్బరు మెడ ఫోటోలు తీసి నాకు మళ్ళీ రాయండి.